గడ్డకట్టిన కణం మళ్ళీ బతికేదెలా?

గ్రామాలలో పాడిపశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రల వద్ద ఒక లోహపు పాత్ర ఉంటుంది. అందులోని ద్రవ నత్రజని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీల సెల్సియస్. ఆ చలిలో సన్నని గొట్టాలలో భద్రపరచిన ఎద్దు వీర్యకణాలు ఏళ్ల తరబడి చెడవు. రసాయన చర్యలు దాదాపు నిలిచిపోతాయి కనుక అక్కడ కణానికి వయసు మీరదు. ప్రమాదమంతా ఆ చలిని చేరే దారిలోనూ, తిరిగి వచ్చే దారిలోనూ ఉంది.

కణంలో అధిక భాగం నీరే. నెమ్మదిగా చల్లబరిస్తే ముందుగా కణం వెలుపలి నీరు మంచుగా మారుతుంది. మంచు లవణాలను తనలో ఇముడ్చుకోదు. అందువల్ల మిగిలిన నీటిలో ఉప్పు గాఢత పెరిగి, కణంలోని నీటిని బయటికి లాగుతుంది. ఉప్పులో ఊరిన ముక్కలా కణం ముడుచుకుపోతుంది. పోనీ, వేగంగా చల్లబరుద్దామంటే నీరు బయటికి పోయే వ్యవధి ఉండదు. కణం లోపలే మంచు స్ఫటికాలు ఏర్పడి దానిని నాశనం చేస్తాయి.

ఈ చిక్కుకు పరిష్కారం 1949లో లండన్‌లో అనుకోకుండా దొరికింది. క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలెన్ పార్క్స్ కోడిపుంజు వీర్యాన్ని చక్కెర ద్రావణంలో గడ్డకట్టించి చూస్తున్నారు. మంచి ఫలితమిచ్చిన సీసాను పరీక్షిస్తే అందులో ఉన్నది చక్కెర కాదని, గ్లిజరిన్ అని తేలింది. గ్లిజరిన్ నీటి అణువులతో బంధం ఏర్పరచుకుని మంచు పరిమాణాన్ని తగ్గిస్తుంది. ఉప్పు గాఢత ప్రాణాంతక స్థాయికి చేరకుండా ఆపుతుంది. పదేళ్ల తరువాత జేమ్స్ లవ్‌లాక్, బిషప్ కణంలోకి మరింత త్వరగా చొచ్చుకుపోయే డైమిథైల్ సల్ఫాక్సైడ్‌ను పరిచయం చేశారు. దీనినే క్లుప్తంగా డీఎంఎస్‌ఓ అంటారు.

అయితే రక్షించే ఈ ద్రవమే మోతాదు మించితే, వెచ్చదనంలో ఎక్కువసేపు ఉంటే కణానికి విషమవుతుంది. అందుకే చల్లని స్థితిలో కలుపుతారు, కరిగించిన తరువాత మెల్లమెల్లగా తొలగిస్తారు. ఒక్కసారిగా తొలగిస్తే నీరు లోపలికి దూసుకువచ్చి కణం ఉబ్బి పగులుతుంది. నిల్వచేసిన మూలకణాలు ఎక్కించుకున్న రోగుల శ్వాసలో వెల్లుల్లి వంటి వాసన రావడానికి కారణం కూడా ఈ డీఎంఎస్‌ఓయే. మూత్రపిండం వంటి అవయవంలో ఇది అన్ని మూలలకూ సమానంగా చేరదు, చలీ సమానంగా పాకదు. మానవ అవయవాలను ఏళ్లకేళ్లు నిల్వచేయడం ఇంకా సాధ్యపడకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

అవయవంతో పోలిస్తే పిండం చాలా చిన్నది. కానీ 1978లో మానవ పిండాన్ని గడ్డకట్టించడం కూడా పెద్ద సాహసమే. కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్, సునీత్ ముఖర్జీ, సరోజ్‌కాంతి భట్టాచార్య డీఎంఎస్‌ఓ సాయంతో ఒక పిండాన్ని 53 రోజులు ఘనీభవింపజేసి, తరువాత తల్లి గర్భంలో ప్రవేశపెట్టారు. ఆ ఏడాది అక్టోబరు 3న ఆడశిశువు జన్మించింది. ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు ఇంగ్లండ్‌లో పుట్టి అప్పటికి 70 రోజులే అయింది. పైగా ఆ పిండాన్ని గడ్డకట్టించలేదు. ఘనీభవించిన పిండం నుంచి ఆస్ట్రేలియాలో శిశువు జన్మించినది 1984లో.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ముఖోపాధ్యాయ్ మాటను నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు ఘనత అప్పటిదాకా 1986లో ముంబయిలో జరిగిన జననానికి, దాని వెనుక ఉన్న శాస్త్రవేత్త టి.సి. ఆనంద్‌కుమార్‌కు దక్కుతూ వచ్చింది. ముఖోపాధ్యాయ్ చేతిరాత పత్రాలను చదివి, ఆ ఘనత తనది కాదని, ఆయనదేనని 1997లో ప్రకటించినది ఆ ఆనంద్‌కుమారే.