పదవ తరగతి పిమ్మట ఎలక్ట్రానిక్స్ విద్య

పదవ తరగతి ఫలితములు వచ్చిన నాటినుండి దేవరకొండ ప్రాంతమున పెక్కు ఇండ్లలో ఒకే ప్రశ్న వినవచ్చును. పిల్లలను ఇంటర్మీడియేటులో చేర్చవలెనా, పాలిటెక్నిక్కునకు పంపవలెనా? "పాలిటెక్నిక్‌ల ఏస్తే పిలగాడు మెకానిక్‌గనే మిగుల్తడేమో" అని తల్లిదండ్రులు శంకించుట సహజమే. ఆ శంకలో నిజమెంతయో విచారింతము.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని కలవు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రమున జోలియట్‌లో నెలకొన్న కళాశాలను వీనిలో మొదటిదిగా చెప్పుదురు. అచ్చట రెండేండ్లు చదివి, అటుపై విశ్వవిద్యాలయమున ప్రవేశింపవచ్చును. మనకు ఆ పని చేయుచున్నవి పాలిటెక్నిక్కులు. వనపర్తిలో 1959లో పాలిటెక్నిక్ ఏర్పడినది సంస్థానాధీశుల రాజభవనములోనే. ఒకనాడు దొరలు కొలువుదీరిన సౌధము నేడు సామాన్యుల బిడ్డలకు విద్యాలయము.

ఇందు ప్రవేశమునకు పాలిసెట్ పరీక్ష కలదు. మొత్తము 120 మార్కులలో గణితమునకే 60. భౌతిక, రసాయన శాస్త్రములకు చెరి 30. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా మూడేండ్ల చదువు. దాని పిమ్మట ఈసెట్ పరీక్షలో నెగ్గినవారు బీటెక్ రెండవ సంవత్సరమున నేరుగా చేరుదురు. లెక్క చూడుడు: ఇంటర్మీడియేటు రెండేండ్లు, బీటెక్ నాలుగేండ్లు, వెరసి ఆరు. డిప్లొమా మూడు, బీటెక్ మూడు, ఇదియు ఆరే. కాలనష్టము లేదు. పైగా మూడవ ఏటనే చేతికొక విద్య అబ్బును.

ఇంతకు అచ్చట నేర్చునదేమి? మీ ఇంటి రేడియోనే చూడుడు. మీడియమ్ వేవ్ ప్రసారములో మాటల హెచ్చుతగ్గులు వాహక తరంగముపై ముద్రితమై వచ్చును. తీగచుట్టయు కెపాసిటరును గూడి, కోరిన కేంద్రమును ఏరుకొనును. డయోడు విద్యుత్తును ఒక్క దిక్కుననే పోనిచ్చి, ఆ తరంగమునుండి మాటను వేరుపరచును. ట్రాన్సిస్టరు దానిని బలపరచును. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటైన్‌లు సాధించిన ఆ చిన్న పరికరపు సంతతియే, నేడు సెల్‌ఫోనుతో బోరు మోటారును నడుపు స్టార్టరులోను పనిచేయుచున్నది.

అయితే కష్టములు లేకపోలేదు. శక్తి రెట్టింపైనచో సుమారు 3 డెసిబెల్‌లు పెరుగునని చెప్పుటకు లాగరిథములు తెలియవలెను. గణితమునందు విముఖత గలవారికి ఈ మార్గము భారమగును. తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవారిని తొలి మాసములలో ఆంగ్ల గ్రంథములు తడబరచును. ఇది తెలివి కొరత కాదు, భాష కొత్తదనము మాత్రమే. వేసవి సెలవులలో పారిభాషిక పదములను, బీజగణితమును కొంత అభ్యసించిన బెదురు తగ్గును.

కావున ఇరుగుపొరుగువారి మాటకన్న ముందు బిడ్డ మనస్సు నెరుంగుడు. చెడిన రేడియోను విప్పి చూడగోరు కుతూహలము, లెక్క తేలువరకు విడువని పట్టుదల, ఈ రెండును ఆ బిడ్డయందున్నచో నిస్సంశయముగా పంపవచ్చును. ఆ బిడ్డ అబ్బాయియే కానక్కరలేదు.