పక్షవాతం: నిమిషాల్లో చచ్చే మెదడు కణాలు

శరీరం బరువులో మెదడు నూటికి 2 పాళ్ళే. వాడుకునే ఆక్సిజన్ మాత్రం 20 పాళ్ళు. దానికి నిల్వ దాదాపు లేదు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే నిమిషాల్లోనే నాడీకణాల శక్తి అయిపోతుంది. సోడియాన్ని బయటికి తోడే పంపు ఆగుతుంది. గ్లూటమేట్ అనే రసాయనం అదుపు తప్పి ఊరుతుంది. దాంతో కాల్షియం కణంలోకి వెల్లువెత్తి, లోపలి ఎంజైములను రేపి, కణాన్నే కరిగించేస్తుంది. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని అంచనా.

అయితే ఆ చోటు చుట్టూ కొనఊపిరితో ఉన్న కణాలు కొన్ని గంటలు నిలుస్తాయి. వాటిని కాపాడవచ్చు. స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేలాక, గడ్డను కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల లోపు పడాలి. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. దారికే రెండు గంటలు.

కనుక మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందు కోసం తిరగవద్దు. నోట్లో నీళ్ళు కూడా పోయవద్దు. ఎప్పుడు మొదలైందో టైము చూసుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. బీపీ మాత్రలు రంజాన్‌లోనూ మానవద్దు. సహరీకి, ఇఫ్తార్‌కు ఎలా వేసుకోవాలో ముందే డాక్టరును అడగండి.