విశాలకోణ కటకము

కారేపల్లి దాటి భద్రాచలము వైపు సాగు అరణ్యములో ఒక టేకు చెట్టును మొదలు నుండి కొన వరకు ఛాయాచిత్రమున బంధించుట సులభము కాదు. వెనుకకు జరుగుదమన్న పొదలు అడ్డు. కెమెరాను పైకి వంచినచో నిటారైన మ్రాకులు వెనుకకు ఒరిగినట్లు కనబడును.

పూర్వము నిజాము రాజ్యమున రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకలపై చిత్రములు తీసిన పెద్ద కెమెరాల వంటివి నేటికిని కలవు. వానిలో పెట్టెను వంచక, కటకమును మాత్రమే పైకి జరుపవచ్చును. చెట్టు కొన చిత్రములోనికి వచ్చును. మ్రాను నిటారుగనే నిలుచును.

అయితే కటకము ప్రసరించు ప్రతిబింబము ఒక వలయము. 4×5 అంగుళముల ఫిలిముకు కర్ణము సుమారు 163 మిల్లీమీటర్లు. వలయమును అంతమాత్రమే అయినచో, కటకము జరిగిన వెంటనే మూలలు నల్లబడి, ఖరీదైన ఫిలిము వ్యర్థమగును. కావున కొనువాడు మొదట చూడవలసినది కోణమును గాదు, వలయమును. ష్నైడరు వారి 90 మిల్లీమీటర్ల సూపర్ ఆంగులాన్ కటకములలో ఒకదాని వలయము 216 మిల్లీమీటర్లు. జరుపుటకు చోటు మిగులును. 65 మిల్లీమీటర్ల కటకము ఇంకను విశాలమే, కాని దూరపు గుట్టలు చీమలపుట్టలగును!

రంధ్రమును చిన్నది చేసిననే మూలలు స్పష్టమగును. అప్పుడు కాంతి చాలక కొన్ని సెకనులు వేచియుండవలెను. అందుకు ఆకు కదలని వేకువయే తగిన వేళ.