ఎస్సై నడుమున ఉన్న పిస్టల్ దానంతటది ఎందుకు పేలదు?

మాఘ శుద్ధ విదియ నాడు పెనుగొండలో వాసవీ కన్యకాపరమేశ్వరి గుడి చుట్టూ ఉన్న వీధుల్లో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. ఆ జనం మధ్యలోనే బందోబస్తుకు వచ్చిన ఎస్సై నిలబడి ఉంటారు. వచ్చేపోయేవాళ్ల సంచులు, మోచేతులు, చంకనెక్కిన పిల్లల కాళ్లు ఆయన నడుమున్న పిస్టల్‌కి తగులుతూనే ఉంటాయి. అది చూసిన పిల్లలకు వచ్చే సందేహం సరైనదే. తగిలితే పేలదా? పేలకుండా బిగించి పెడితే, అవసరం పడ్డప్పుడు ఎలా పేలుతుంది?

డ్యూటీ పిస్టల్ ఎంచుకోవడమంటే ఈ రెండింటికీ ఒకేసారి జవాబు వెతకడం. మ్యాగజైన్‌లో తూటాలు ఎన్ని పడతాయన్నది తర్వాతి సంగతి. మన ఊళ్లలాంటి చోట పనిచేసే అధికారి సర్వీసంతటిలో కాల్చేది చాలామటుకు ఫైరింగ్ రేంజిలోనే. మోయడం మాత్రం ఏళ్ల తరబడి మోస్తారు. అందుకని మోసేటప్పటి భద్రతే ముందు చూడాలని నా అభిప్రాయం.

మన పోలీసులు దశాబ్దాలుగా వాడుతున్నది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం ఆటో పిస్టల్. దాని మూలం 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్. అమెరికాకు చెందిన జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో కన్నుమూస్తే, బెల్జియంలో డ్యూడొన్నే సేవ్ దాన్ని పూర్తిచేశారు. మ్యాగజైన్‌లో 13 తూటాలు పడతాయి. ఇది సింగిల్ యాక్షన్ రకం. అంటే వెనక ఉన్న హ్యామర్‌ని ముందే లేపి ఉంచాలి, ట్రిగ్గర్ దాన్ని వదలడం మాత్రమే చేస్తుంది. ఎడమ పక్క బొటనవేలికి అందేలా సేఫ్టీ మీట ఉంటుంది. మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా మరో ఏర్పాటూ ఉంది.

చిక్కంతా ఆ మీటతోనే. ప్రాణం మీదకొచ్చిన క్షణంలో చెమట పట్టిన వేలికి అది దొరకాలి, దించాలన్న సంగతి గుర్తుకు రావాలి. అంతకన్నా ప్రమాదం, మీట వేసే ఉందన్న నమ్మకంతో పిస్టల్‌ని అటూ ఇటూ తిప్పడం. ఈ బాధ లేకుండా చాలామంది చాంబర్‌ని, అంటే పేలబోయే తూటా కూర్చునే గదిని, ఖాళీగా ఉంచి మోస్తారు. అవసరమైతే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్ లాగి వదిలి తూటా ఎక్కిస్తారు. భద్రమైన పద్ధతే, కానీ దానికి రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో నిందితుడి చొక్కా పట్టుకున్న అధికారికి రెండో చెయ్యి ఎక్కడిది?

మీట లేకుండా భద్రత ఎలాగన్న ప్రశ్న జర్మనీ పోలీసులకు గట్టిగా ఎదురైంది. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారులపై దాడి జరిగాక, ఒర లోంచి తీసిన వెంటనే పేలాలి, కింద పడినా పేలకూడదు, విడిగా సేఫ్టీ తీసే పని ఉండకూడదు అని వాళ్లు షరతులు పెట్టారు. వాటికి తగ్గట్టు వాల్తర్ పీ5, సిగ్ పీ6, హెక్లర్ అండ్ కాఖ్ పీ7 వచ్చాయి. మొదటి రెండింటిలో డీకాకర్ ఉంటుంది. అది హ్యామర్‌ని పేలకుండా దించుతుంది. ఆ తర్వాత మొదటి తూటాకి ట్రిగ్గర్‌ని దూరం, బరువుగా లాగాలి, రెండో తూటా నుంచి తేలిక. పీ7 దారి వేరు. సైకిల్ బ్రేకు నొక్కినట్టు పిడి ముందున్న పట్టీని బిగిస్తే పిస్టల్ సిద్ధమవుతుంది, వదిలేస్తే మళ్లీ నిద్రపోతుంది. ఎంతో చక్కని ఆలోచన. కానీ ఉలిక్కిపడ్డ మనిషి పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది. అప్పుడు వేలు ట్రిగ్గర్ మీద ఉంటే ఆ సేఫ్టీ అక్కరకు రాదు.

1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ 17 ఈ లెక్కనే మార్చేసింది. మన ఎన్‌ఎస్‌జీ కమాండోల దగ్గర ఉన్నది గ్లాకే. దీనికి బయట మీటే లేదు. ట్రిగ్గర్ నడిమధ్య ఓ సన్నని నాలుక ఉంటుంది. వేలు నేరుగా దాని మీద పడితేనే ట్రిగ్గర్ కదులుతుంది, పక్కనుంచి ఏదైనా తగిలితే కదలదు. లోపల తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ దారికి అడ్డంగా ఒక చిన్న ముక్క నిలబడి ఉంటుంది. ట్రిగ్గర్ పూర్తిగా లాగితేనే అది పక్కకు జరుగుతుంది. మూడో అడ్డు, పిస్టల్ కింద పడ్డప్పుడు పిన్ ముందుకు జారకుండా ఆపుతుంది. వేలు తీయగానే మూడూ వాటంతటవే మళ్లీ పడతాయి. అధికారి గుర్తుపెట్టుకోవాల్సిందేమీ లేదు.

అయితే ఈ మూడు అడ్డులూ వేలికీ, చొక్కా అంచుకీ తేడా తెలుసుకోలేవు. ఒరలో పెడుతుండగా బట్ట మడత ట్రిగ్గర్‌లో ఇరుక్కుంటే, దాన్ని కూడా వేలనే అనుకుంటాయి. ట్రిగ్గర్ లాగడానికి కావాల్సిన బరువు సుమారు రెండున్నర కిలోలే మరి. న్యూయార్క్ పోలీసులు 1993లో రివాల్వర్ల నుంచి ఈ రకం పిస్టళ్లకు మారినప్పుడు, ట్రిగ్గర్ బరువుని 5 కిలోలు దాటేలా పెంచి తీసుకున్నారు. మన స్టేషన్లకైతే నేనూ అదే కోరతాను. రివాల్వర్ల బరువైన ట్రిగ్గర్‌కి అలవాటుపడ్డ చేతులు మన దగ్గరా ఉన్నాయి. బరువు ట్రిగ్గర్‌తో గురి కాస్త చెదురుతుంది, నిజమే. గుడి వీధిలాంటి చోట గురి తప్పిన తూటా ఎవరికి తగులుతుందో తెలియదు. ఆ లోటు తీరాలంటే తరచూ కాల్చి సాధన చేయించాలి.

ఏ పిస్టలైనా ఖాళీ చేసేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. ముందు మ్యాగజైన్ తీయాలి. తర్వాత స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి చాంబర్‌లోకి కంటితో చూడాలి, చీకట్లో అయితే చిటికెన వేలితో తడమాలి. క్రమం తిరగబడి స్లైడ్ ముందు లాగితే, అది లోపలి తూటాని బయటికి విసిరి, వదిలిన మరుక్షణం మ్యాగజైన్‌లోంచి ఇంకోటి ఎక్కించేస్తుంది. తర్వాత మ్యాగజైన్ తీసి చేతిలో పట్టుకున్నా చాంబర్‌లో తూటా అలాగే ఉంటుంది. శుభ్రం చేస్తుండగా మిస్‌ఫైర్ అయిందని పత్రికల్లో చదివే ప్రమాదాలకు ఇదొక కారణం. ఇక్కడ పాత ఇషాపూర్ పిస్టలే నయం, మ్యాగజైన్ లేనప్పుడు పేలదు. గ్లాక్‌ని విప్పాలంటే మాత్రం ముందు ట్రిగ్గర్ లాగి తీరాలి.

పెనుగొండలాంటి డెల్టా ఊళ్ల గాలి గురించి కూడా ఒక మాట. వానాకాలమంతా ఇక్కడ ఇనుముకు తుప్పు పట్టకుండా కాపాడుకోవడం పెద్ద పనే. గ్లాక్ పిడి పాలిమర్, స్లైడ్‌కి తుప్పును ఆపే పూత ఉంటుంది. అయినా లోపలి స్ప్రింగులు ఉక్కువే. తడిసిన తోలు ఒరలో రాత్రంతా వదిలేస్తే ఏ పిస్టలైనా పాడవుతుంది.

పిస్టల్ ఎన్నుకునేది ఎస్సై కాదు, శాఖ. కాబట్టి కొనేవాళ్లు అదే టెండరులో మరో రెండింటికీ ధర అడగాలి. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పి, జనంలో ఎవరు లాగినా ఊడిరాని గట్టి ఒర ఒకటి. ప్రతి అధికారీ ఏటా సాధనలో కాల్చడానికి చాలినన్ని తూటాలు రెండోది.