ఎవరి పెసరట్టు వారికే

విజయవాడ బస్టాండు దగ్గర పొద్దున్నే ఏ టిఫిన్ సెంటర్లోనైనా కాసేపు నిలబడండి. డబ్బు కట్టి, చీటీ తెచ్చి పెనం దగ్గర మాస్టరుకిస్తారు. ముందొచ్చిన చీటీకి ముందు అట్టు. మూడో మనిషిది ఉప్మా పెసరట్టు, నాలుగో మనిషిది సాదా. ఇంతలో బందరు బస్సు కదిలిందని మూడో మనిషి పరిగెత్తాడు. అతని ఉప్మా పెసరట్టు నాలుగో మనిషి చేతిలో పడింది, నాలుగో మనిషిది అయిదో మనిషికి. ఇక ఆ వరుసలో ఎవరిదీ వారికి అందదు.

హెచ్‌టీటీపీ ప్రాక్సీకి ఉన్న గండం ఇదే. వెబ్‌లో ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకునే పద్ధతి హెచ్‌టీటీపీ; అందులో ప్రాక్సీ మధ్యవర్తి. ఇటు వేలమంది అడుగుతారు. అటు అసలు సర్వర్‌కి ఉండేవి కొద్ది కనెక్షన్లే, వాటినే అందరికీ మార్చి మార్చి వాడాలి. పాత హెచ్‌టీటీపీ 1.1లో జవాబు మీద నంబరు ఉండదు. అడిగిన వరుసే ఆధారం. అందుకే చాలా ప్రాక్సీలు ఒక జవాబు పూర్తయ్యేదాకా అదే కనెక్షన్ మీద రెండో ప్రశ్న పంపవు.

2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2 ప్రతి ప్రశ్నకూ నంబరిచ్చింది. అడిగేవారివి 1, 3, 5 ఇలా బేసి అంకెలు. జవాబు అదే అంకెతో వస్తుంది కాబట్టి ముందూ వెనకా అయినా ఫర్వాలేదు. అయితే ప్రతి కనెక్షన్లోనూ లెక్క మళ్లీ 1 నుంచే. ఇటు 5గా వచ్చిన ప్రశ్న అటు 17గా వెళ్లొచ్చు. ఏ కనెక్షన్లో 5, ఏ కనెక్షన్లో 17 అన్నది ప్రాక్సీ తన పట్టికలో రాసుకోవాలి. ఒకసారి వాడిన అంకెను ఆ కనెక్షన్లో మళ్లీ వాడకూడదన్న నియమం చాలా తెలివైనది. మనిషి వెళ్లిపోయాక ఆలస్యంగా వచ్చిన జవాబు ఇంకొకరి చేతిలో పడదు.

నంబర్లు లేనిచోట ఏమవుతుందో 2023 మార్చి 20న చాట్‌జీపీటీలో బయటపడింది. అక్కడిది హెచ్‌టీటీపీ కాదు, రెడిస్ అనే డేటా నిల్వతో మాట్లాడే లైబ్రరీ. మధ్యలో రద్దయిన ప్రశ్న తాలూకు జవాబు కనెక్షన్లో మిగిలిపోయి, తర్వాత అడిగినవారికి వెళ్లింది. కొందరికి పరాయివారి సంభాషణల శీర్షికలు కనిపించాయి.

2025 జనవరి 30 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ‘మన మిత్ర’ అనే ప్రభుత్వ సేవ ద్వారా సర్టిఫికెట్లు కూడా వాట్సాప్‌లోనే అడుగుతున్నాం. కైకలూరు రైతు కాగితం అవనిగడ్డ ఫోన్లో తెరుచుకోకూడదు. అందుకే ప్రాక్సీ రాసే విద్యార్థులకు నాదొక్కటే విన్నపం: ప్రశ్న మధ్యలో రద్దయి, జవాబు ఎవరిదో తేలకపోతే ఊహించి ఇవ్వకండి. ఆ కనెక్షన్ మూసేసి కొత్తది తెరవండి.