డిజైన్ ఫైలు మొదట్లో తేదీ ఎందుకు?

ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఇంట్లో తన ల్యాప్‌టాప్‌పై రాత్రంతా కూర్చుని ఒక సర్క్యూట్ బోర్డు డిజైన్ పూర్తి చేశాడనుకుందాం. మర్నాడు ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో కాలేజీ ల్యాబ్‌కు తీసుకెళ్లాడు. అక్కడ ఉన్నదీ అదే సాఫ్ట్‌వేర్, కాకపోతే పాత వెర్షన్. అప్పుడు రెండింటిలో ఒకటి జరగవచ్చు. ఈ ఫైలు చదవడం తన వల్ల కాదని సాఫ్ట్‌వేర్ చెప్పేయవచ్చు. లేదా తెలిసినంత చదివి, తెలియనిది వదిలేసి, ఏమీ జరగనట్టు డిజైన్‌ను చూపించవచ్చు.

మొదటిది చికాకు కలిగిస్తుంది. రెండోది నష్టం తెస్తుంది. వదిలేసిన భాగం ఒక రంధ్రం కావచ్చు, ఒక రాగి గీత కావచ్చు. బోర్డు తయారై చేతికి వచ్చాక గానీ లోపం బయటపడదు. ఈ ప్రమాదాన్ని ఆపడానికే ఫైలు మొదట్లో ఒక చిన్న అంకె ఉంటుంది. అదే ఫైల్ ఫార్మాట్ వెర్షన్.

సాఫ్ట్‌వేర్ అంకె చాలదా?

సాఫ్ట్‌వేర్ వెర్షన్‌నే ఫైలుపై వేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ రెండూ కలిసి నడవవు. కొత్త వెర్షన్‌లో మెనూలు మారి, ఫైలు రాసే పద్ధతి మారకపోవచ్చు. మరోవైపు, ఒక వెర్షన్ విడుదలయ్యేలోపే ఆ పద్ధతి చాలాసార్లు మారవచ్చు. ఓపెన్ సోర్స్‌లో తయారీ దశలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ను కూడా ఎవరైనా దించుకుని వాడవచ్చు. ఆ దశలో పుట్టిన ఫైళ్లకు వేయడానికి విడుదల అంకె అప్పటికింకా ఉండదు.

సర్క్యూట్ బోర్డుల డిజైన్‌కు వాడే కీక్యాడ్ దీనికి ఒక సూటైన మార్గం ఎంచుకుంది. 1992లో ఫ్రాన్స్‌లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్, ఫైలు రాసే పద్ధతి మారిన తేదీనే వెర్షన్‌గా వేస్తుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కీక్యాడ్ 8 బోర్డు ఫైలుపై 20240108 అని ఉంటుంది, అంటే 2024 జనవరి 8. అదే సాఫ్ట్‌వేర్‌తో గీసిన సర్క్యూట్ రేఖాచిత్రం ఫైలుపై మాత్రం 20231120 అని ఉంటుంది. ఏ రకం ఫైలు ఎప్పుడు మారితే దానికి ఆ తేదీ. తన తేదీ కన్నా కొత్త ఫైలు ఎదురైతే కీక్యాడ్ దాన్ని తెరవదు. ఫలానా తేదీ నాటి లేదా ఆ తర్వాతి వెర్షన్ కావాలని చెబుతుంది.

ప్రతి పద్ధతికీ ఒక ధర

తేదీ ముందు వెనకలు మాత్రమే చెబుతుంది. మార్పు చిన్నదా పెద్దదా అన్నది చెప్పదు. అందుకే చిన్న చేర్పు జరిగినా పాత సాఫ్ట్‌వేర్‌కు తలుపు మూసుకుంటుంది.

మరో పద్ధతిలో 2.3 లాంటి అంకెలు వాడతారు. చుక్క తర్వాతి అంకె మారితే పాత సాఫ్ట్‌వేర్ కూడా చదవగలదు, ముందరి అంకె మారితే చదవలేదు. ఇది సౌకర్యమే. అయితే ప్రతి మార్పు ఏ కోవలోకి వస్తుందో డెవలపర్లు తేల్చాలి. వారి అంచనా తప్పితే, ఏమీ కాలేదన్నట్టే సమాచారం పోతుంది.

1996లో వచ్చిన పీఎన్‌జీ బొమ్మల ఫార్మాట్ దారి వేరు. అందులో వెర్షన్ అంకే లేదు. ఫైలు ముక్కలుగా ఉంటుంది, ప్రతి ముక్కకూ నాలుగు ఇంగ్లీషు అక్షరాల పేరుంటుంది. మొదటిది పెద్ద అక్షరమైతే ఆ ముక్క తప్పనిసరి. చిన్న అక్షరమైతే, అర్థం కాకపోయినా దాటేసి మిగతా బొమ్మను చూపించవచ్చు. బొమ్మకు ఇది బాగా కుదురుతుంది. ఫ్యాక్టరీకి వెళ్లే డిజైన్‌లో మాత్రం ఏ ముక్కను దాటేయవచ్చో నిర్ణయించడం అంత తేలిక కాదు.

ల్యాబ్‌లో ఏం చేయాలి?

మన దేశంలో ఐఐటీ బొంబాయి నడిపే ఫాసీ ప్రాజెక్టులో భాగమైన ఈసిమ్ కూడా కీక్యాడ్‌పై ఆధారపడి తయారైనదే. ల్యాబ్‌లోనూ ఇంట్లోనూ ఒకే వెర్షన్ లేనిచోట కొన్ని జాగ్రత్తలు పనికొస్తాయి. పని మొదలయ్యే ముందే బృందమంతా ఒకే వెర్షన్‌కు కట్టుబడాలి. పాత ఫైలును కొత్త వెర్షన్‌లో తెరిచే ముందు ఒక నకలు దాచుకోవాలి, ఎందుకంటే కొత్త కీక్యాడ్‌లో ఒకసారి సేవ్ చేస్తే ఫైలు కొత్త పద్ధతిలోకి మారిపోతుంది, మళ్లీ పాత పద్ధతిలో సేవ్ చేసే వీలుండదు. అనుమానం వస్తే ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడవచ్చు. అది మామూలు అక్షరాల్లోనే ఉంటుంది, మొదటి వరుసల్లోనే తేదీ కనిపిస్తుంది.