లేపాక్షి చిత్రములు – వర్ణప్రతికృతి

విజయనగర చిత్రకళనుగూర్చి వ్రాయునపుడు లేపాక్షి వీరభద్రాలయపు కప్పుచిత్రములను అచ్చుపటముల ఆధారముననే వర్ణించుట కద్దు. రేఖలకు, వేషభూషలకు అట్టి పటము చాలును. వర్ణములకును చాలునా యనునది ఇచట మేము విచారింపదలచిన విషయము.

కరువుసీమగా పేరుపడిన అనంతపురపు పీఠభూమియందలి ఈ గ్రామము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ పూనికతో ఆలయము వృద్ధినొందెను. గిరిజాకల్యాణము, కిరాతార్జునీయము మొదలగు ఘట్టములు మండపముల కప్పులపై చిత్రింపబడినవి. కావి, పసుపు, నలుపు, తెలుపు వానిలో ప్రధానవర్ణములు. కప్పుపై నుండుటచే ఎండ వానిపై సూటిగా పడదు. నేలను తాకి ప్రతిఫలించిన వెలుగే వానిని చేరును. ఆ వెలుగు ఉదయమొకతీరు, సాయంకాలమొకతీరు. కన్ను వెలుగునకు తగినట్లు సర్దుకొని తెలుపును తెలుపుగనే చూచును. కెమెరాకు ఏది తెలుపో మనము తెలుపనిచో అది ఊహించుకొనును. అందుచే ఒకే కావిరంగు ఒక గ్రంథమున ఇటుకవన్నెగను, వేఱొకదానియందు నారింజవన్నెగను కనబడవచ్చును.

వర్ణమును మాటతోగాక సంఖ్యతో నిర్ణయించు పద్ధతిని అంతర్జాతీయ ప్రదీపన సంఘము 1931లో నెలకొల్పి, 1976లో సంస్కరించెను. దానిప్రకారము ప్రతివర్ణమునకు మూడు సంఖ్యలు: మొదటిది 0 నుండి 100 వఱకు గల వెలుగుపాలు, రెండవది ఎఱుపు, ఆకుపచ్చలలో ఒకదానివైపు మొగ్గు, మూడవది పసుపు, నీలములలో ఒకదానివైపు మొగ్గు. రెండు వర్ణముల సంఖ్యల నడిమి దూరమే వాని భేదము. ఆ దూరము సుమారు 1 అయినచో భేదము కంటికి ఆనీ ఆనకుండును.

ఇక నియంత్రణము. సంఖ్యలు ముందే తెలిసిన 24 గడుల వర్ణఫలకమును చిత్రము ప్రక్కన, అదే వెలుగున నుంచి ఛాయాచిత్రము తీయవలెను. పటమున ఆ గడులు ఎంత తప్పినవో లెక్కించి, ఆ సవరణనే చిత్రమునకు చేయవలెను. అయినను ఫలకపు రంగును, మట్టిరంగును కెమెరా ఒకేరీతిగా గ్రహింపకపోవచ్చును. కావున ముఖ్యస్థలములను తాకకయే కొలుచు వర్ణమాపకముతో పరీక్షించుట మేలు. అచ్చులో నాలుగు సిరాలు అన్నివన్నెలను ఈయజాలవు. నునుపులేని కాగితము సిరాను పీల్చి వన్నెను మందగింపజేయును. అందుచే వర్ణఫలకమును కత్తిరించివేయక పటముతోపాటు అచ్చువేయుట యుక్తము. అపుడే పాఠకుడు తప్పును తానే గుర్తింపగలడు.

ఇది కేవలము సాంకేతిక నియమము కాదు. లేపాక్షి చిత్రములు కొన్నిచోట్ల వెలసినవి, కొన్నిచోట్ల పెచ్చులూడినవి. నేటి వన్నెలు సంఖ్యలలో నిలువనిచో, ముందుతరపు పరిశోధకుడు రెండు పటములను ఎదుట నుంచుకొని, వాని భేదము కాలము చేసినదో, అచ్చు చేసినదో చెప్పజాలడు.